కొలువు దిగిన తరువాత పన్ను కిస్తులు



వానకాలపు వడ్లు ఇల్లు చేరు దినములలో సుల్తానాబాదు మీదుగా పోవు బాటసారికి రాజీవ్ రహదారి పొడుగునను ఉడికిన వడ్ల వాసన తోడు వచ్చును. ఈ ఊరికి రైసుమిల్లులే సిరి. నేడు పెద్దపల్లి జిల్లాలోనిదైనను 2016 వరకు కరీంనగరు జిల్లాలోనిదగుటచే, పాతవారు ఇప్పటికిని దీనిని కరీంనగరు ఊరనియే చెప్పుకొందురు. ఒక ప్రక్క గోదావరిఖని బొగ్గుగనులు, రామగుండము విద్యుత్కేంద్రము. మరియొక ప్రక్క శ్రీరామసాగరపు కాలువ క్రింది మాగాణి. గనులలోను, బడులలోను, కచ్చేరీలలోను ముప్పది, నలువది యేండ్లు కొలువు చేసినవారనేకులు చివరకిచ్చట ఇల్లు కట్టుకొని విశ్రమించుచున్నారు. నేటి ప్రసంగము ముఖ్యముగా వారికొరకు.

కొంతకాలము క్రిందట గనిలో కొలువు చేసి దిగిన పెద్దమనిషి ఒకరు నాయొద్దకు ఒక కాగితము తెచ్చినారు. వయస్సు 63. అది బెంగుళూరులోని ఆదాయపు పన్ను లెక్కల కేంద్రమునుండి 2023–24 సంవత్సరపు ఆదాయమును గూర్చి వచ్చినది. పన్నంతయు తాను చెల్లించియే యున్నాడు. అయినను మరికొన్ని వేల రూపాయలు బాకీ యని అందులో ఉన్నది. ఆయన కుర్చీలో కూర్చుండక, నిలువుగనే, "సారూ, ముప్పయ్యారేండ్లు నౌకరి చేసిన. ఒక్కనాడు ఒక్క పైస తప్పు లెక్క రాయలె. గిప్పుడు గీ జుర్మానా ఏంది? నేనేం దొంగతనం చేసిన?" అని అడిగినారు. సొమ్మును గూర్చిన బాధ కంటె పరువును గూర్చిన బాధయే ఆ మాటలో ఎక్కువగా వినిపించినది.

నేను మొదట చెప్పిన మాట, అది జుర్మానా కాదని. అది వడ్డీ. జుర్మానా తప్పునకు వేయునది. వడ్డీ ఆలస్యమునకు పడునది. ఇవ్వవలసిన దినమున ఇవ్వక తరువాత ఇచ్చిన సొమ్ము ఎవరి చేతిలోనున్నను దానికి వడ్డీ నడచునని మన పల్లెలలో ఎవరికి తెలియదు? ప్రభుత్వపు వడ్డీ నెలకు నూటికి రూపాయి. అది సాదావడ్డీయే కాని చక్రవడ్డీ కాదు. అయితే నెలలో ఒక్క దినము గడచినను నిండు నెలగా లెక్కింతురు. మనము ఎక్కువగా కట్టిన పన్నును ప్రభుత్వము తిరిగి ఇచ్చునప్పుడు మనకు లభించు వడ్డీ మాత్రము నూటికి అర్ధరూపాయి! ఈ తేడా న్యాయమా యని అడిగినచో నాకును న్యాయముగా తోచదు. కాని చట్టమట్లున్నది. ఈ వడ్డీలు తప్పనిసరివనియు, అధికారి దయాదాక్షిణ్యములపై ఆధారపడినవి కావనియు 2001లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పినది. బోర్డు ఉత్తర్వులలో పేర్కొనబడిన కొన్ని ప్రత్యేక పరిస్థితులలో మాత్రమే పై అధికారులు వీనిని తగ్గింపగలరు.

ఇంతకును ఈ వడ్డీ ఎందులకు పుట్టినది? పన్ను సంవత్సరము చివర ఒక్కసారిగా కట్టునది కాదు, ఆదాయము వచ్చుచున్నప్పుడే కిస్తులుగా కట్టవలసినది అను నియమమునుండి. కిస్తు అను మాట మనకు క్రొత్త కాదు. ఆబి పంట కోసిన తరువాత కొంత, తాబి పంట కోసిన తరువాత కొంత శిస్తు కట్టిన తాతల మనుమలము మనము. ఆదాయపు పన్నునకు ఈ పద్ధతి రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1944లో, 1922 నాటి చట్టమునకు చేసిన సవరణచే వచ్చినది. మన హైదరాబాదు రాష్ట్రమునకు భారత ఆదాయపు పన్ను చట్టము 1950 ఏప్రిల్ 1 నుండి వర్తించినది. పిమ్మట 1961 చట్టము వచ్చినది. 2025లో పార్లమెంటు మరియొక క్రొత్త చట్టము చేసి, 2026 ఏప్రిల్ 1 ని దాని అమలు తేదీగా నిర్ణయించినది. సెక్షన్ల అంకెలు మారినవి కాని ముందస్తు పన్ను అను ఈ కిస్తుల ఏర్పాటు మారలేదు. అందుచే సెక్షన్ల పేర్లతో మిమ్ములను విసిగింపను.

కొలువులో నున్నంత కాలము ఈ సంగతి మనకు తెలియకపోవుటకు కారణమొక్కటే. జీతమిచ్చువారే నెలనెలా పన్ను కోసి ప్రభుత్వమునకు కట్టివేయుదురు. కిస్తు మనము కట్టకున్నను మన పేర కట్టబడుచునే యుండును. కొలువు దిగిన నాడు ఆ గుమాస్తా సేవయు ముగియును. గ్రాట్యుటీ, భవిష్యనిధి, పింఛనులో కమ్యూటు చేసిన భాగము, సెలవుల సొమ్ము, ఇవన్నియు ప్రభుత్వోద్యోగికి దాదాపు పన్ను లేకుండ చేతికందును. తక్కినవారికి పరిమితులు కలవు. ఆ మూటను బ్యాంకులో వేయుదుము. మూటపై పన్ను లేదు గనుక దాని వడ్డీపైనను లేదని మనసు సమాధానపడును. పొరపాటు అక్కడనే మొదలగును.

లెక్క చూచిన గాని ఇది బోధపడదు. స్వచ్ఛంద విరమణ తీసికొన్న 56 ఏండ్ల ఉద్యోగి ఒకరున్నారనుకొందము. పింఛను నెలకు 70,000 రూపాయలు, అనగా సంవత్సరమునకు 8,40,000. బ్యాంకు డిపాజిట్లపై వడ్డీ 3,60,000. కరీంనగరులో ఒక ఇల్లు అద్దెకిచ్చినారు, అద్దె 2,40,000. 2025–26 నాటి క్రొత్త విధానపు రేట్ల ప్రకారము పింఛనులో 75,000 స్టాండర్డ్ డిడక్షను పోగా 7,65,000 మిగులును. అద్దెలో నూటికి ముప్పది వంతున మరమ్మతులకు తీసివేయగా 1,68,000. మొత్తము 12,93,000. దీనిపై పన్ను 73,950. నూటికి నాలుగు వంతున సెస్సు కలిపిన 76,908.

ఇప్పుడు ఎవరెవరు ఎంత కోసినారో చూడుడు. పింఛనిచ్చు బ్యాంకునకు కనబడునది పింఛను మాత్రమే. 7,65,000 పై రిబేటు పోగా పన్ను లేదు గనుక అది ఒక్క రూపాయియు కోయదు. డిపాజిట్లున్న బ్యాంకు నూటికి పది వంతున 36,000 కోయును. అద్దెకున్నవారు ఏమియు కోయరు. మిగిలిన 40,908 రూపాయలకు అడుగువారు లేరు. పాపము, ఆ ఉద్యోగి మాత్రము పన్నెండు లక్షల దాక పన్ను లేదని అరుగుమీద విన్న మాటను నమ్ముకొని నిశ్చింతగా నుండును. ఆ మాట మొత్తమాదాయము పన్నెండు లక్షలు దాటనివారికే. కొంచెముగా దాటినవారికి కొంత ఉపశమనము కలదు, కాని 93,000 దాటిన ఈయనకు అది అక్కరకు రాదు.

కోతలు పోగా చెల్లింపవలసిన పన్ను 10,000 రూపాయలు గాని అంతకు మించి గాని ఉన్నచో కిస్తులు కట్టితీరవలెను. జూన్ 15 లోపల నూటికి 15 వంతులు, సెప్టెంబరు 15 లోపల మొత్తము 45 వంతులు, డిసెంబరు 15 లోపల 75 వంతులు, మార్చి 15 లోపల నూరు వంతులు. జూన్ కిస్తులో 12 వంతులు, సెప్టెంబరు నాటికి 36 వంతులు కట్టినను ఆ రెండు కిస్తులపై వడ్డీ వేయరు. మన ఉద్యోగి ఏ కిస్తును కట్టక, జూలై 31న లెక్క దాఖలు చేయునాడు 40,908 ఒక్కసారిగా కట్టినాడనుకొందము. కిస్తులు తప్పినందులకు మొదటి మూడింటికి మూడేసి నెలలు, చివరిదానికి ఒక నెల వంతున వడ్డీ: 183, 552, 918, 409, వెరసి 2,062. సంవత్సరము ముగియునాటికి నూటికి తొంబది వంతులైనను కట్టనందులకు ఏప్రిల్ నుండి జూలై వరకు నాలుగు నెలల వడ్డీ మరియొక 1,636. మొత్తము 3,698. ఇల్లు కూలు సొమ్ము కాదు; అయినను ప్రతి సంవత్సరము ఊరక పోగొట్టుకొనవలసిన సొమ్మును కాదు. డిసెంబరు నెలకరెంటు పైరవీకి, మనుమరాలి బడి పుస్తకములకు పనికివచ్చునది.

ఈ లెక్కలో వయస్సు 56 అని ఎందులకంటిననగా, అరువది నిండినవారికి చట్టము గొప్ప వెసులుబాటు ఇచ్చినది. 2012 ఏప్రిల్ నుండి, భారతదేశమున నివాసియై, ఆ సంవత్సరములో ఎప్పుడైనను అరువదియేండ్లు నిండిన వ్యక్తికి వ్యాపారము నుండి గాని వృత్తి నుండి గాని ఆదాయము లేనిచో ముందస్తు కిస్తులు కట్టవలసిన పనియే లేదు. పై ఉద్యోగియే 60 దాటినవారైనచో జూలై 31 లోపల 40,908 కట్టి లెక్క దాఖలు చేసిన చాలును. 3,698లో ఒక్క రూపాయియు పడదు. ఆ గడువు దాటిన మాత్రము వయస్సు కాపాడదు. నెలకు నూటికి రూపాయి వడ్డీయు, ఆలస్యపు రుసుమును తప్పవు.

ఇచ్చట మన రాష్ట్రమునకు సంబంధించిన విశేషమొకటి కలదు. 2021 వరకు తెలంగాణ ప్రభుత్వోద్యోగులు 58 ఏండ్లకే విరమించెడివారు. అట్టివారికి 58 నుండి 60 వరకు గల రెండేండ్లలో చేతినిండ క్రొత్త వడ్డీ ఆదాయము, తలపైన కిస్తుల బాధ్యత, చెప్పువారు మాత్రము లేరు. ఆ సంవత్సరము విరమణ వయస్సు 61కి పెరిగినది. సింగరేణిలోను 60 నుండి 61 అయినది. అందుచే నేడు నిండు వయస్సున కొలువు దిగు ఉపాధ్యాయుడు గాని గనికార్మికుడు గాని దిగునాటికే ఈ వెసులుబాటు క్రిందికి వచ్చియుండును. చట్టము చేసినవారు దీనిని ఉద్దేశించినారో లేదో కాని మేలు మాత్రము కలిగినది. ఇక ఈ చిక్కు మిగిలినది స్వచ్ఛంద విరమణ తీసికొన్నవారికి, అనారోగ్యముచే గనినుండి ముందుగా బయటపడినవారికి, 58కే విరమణ గల సంస్థలవారికి.

మరి మన గని పెద్దమనిషికి 63 ఏండ్లు గదా! ఆయనకు వడ్డీ ఎట్లు పడినది? నేనును మొదట లెక్క తప్పనియే అనుకొంటిని. పత్రములన్నియు తిరగవేయగా సంగతి బయటపడినది. కొలువు దిగిన సొమ్ములో 25 లక్షలు పెట్టి, కుమారుని మాటపై, ఆయన ఒక రైసుమిల్లులో భాగస్వామి అయినాడు. మిల్లువారు మూలధనముపై నూటికి 12 వంతున సంవత్సరమునకు 3 లక్షలు వడ్డీ ఇచ్చుచున్నారు. బ్యాంకులో వడ్డీ, మిల్లులో వడ్డీ, రెండును వడ్డీయే కదా యని ఆయన ఊహ. చట్టము దృష్టిలో అవి రెండు వేరు జాతులు. భాగస్వామికి తన సంస్థనుండి వచ్చు వడ్డీగాని జీతముగాని వ్యాపారాదాయము. లాభములోని వాటాపై సంస్థయే పన్ను కట్టును గనుక అది భాగస్వామి చేతిలో పన్నునకు రాదు. వడ్డీయు జీతమును వచ్చును. వ్యాపారాదాయము ప్రవేశించిన క్షణమున అరువదియేండ్ల వెసులుబాటు తొలగిపోవును. అదియు ఆ మూడు లక్షల మేరకే కాదు, పింఛను, బ్యాంకు వడ్డీలతో కూడ మొత్తముపైనను కిస్తుల బాధ్యత తిరిగి వచ్చును.

ఇది విని ఆయన చాలసేపు మాటాడలేదు. తరువాత, "అంటే పైసలు భాగం కింద పెట్టకుంట అప్పు కింద ఇస్తే కిస్తులు లేకుండెనా?" అని అడిగినారు. ఆయన బుద్ధి చురుకైనది. నిజమే, సాధారణముగ అప్పుగా ఇచ్చిన సొమ్ముపై వడ్డీ వ్యాపారాదాయము కాదు. కాని ఒక కిస్తు తప్పించుకొనుటకై ముసలితనపు సొమ్మును ఎట్లు పెట్టవలెనో నిర్ణయించుకొనుట, తోకను చూచి ఎద్దును కొన్నట్లగును. భాగస్వామికి మిల్లు అప్పులలోను భాగముండును, అప్పిచ్చినవానికి ఉండదు. అయితే అప్పు వసూలగునో కాదో మరియొక బెంగ. ఆ విషయము ఆయనయు కుమారుడును కూర్చుండి తేల్చుకొనవలసినది. పన్నులెక్క చూచువాడు అందులో తలదూర్చరాదు.

2025 ఏప్రిల్ 1 నుండి ఈ విషయమున కొంత మార్పు వచ్చినది. భాగస్వామికిచ్చు వడ్డీ, జీతము సంవత్సరమునకు 20,000 దాటినచో సంస్థయే నూటికి పది వంతున పన్ను కోసి కట్టవలెను. అందుచే మిగులు బాకీ తగ్గును; అది పదివేల లోపునకు దిగినచో కిస్తులే యుండవు. అయితే ఎక్కువ శ్లాబులోనున్నవారికి పది వంతుల కోత చాలదు. విరమించిన పిమ్మట బీమా ఏజెన్సీ చేయువారు, ఇంజనీరై సలహాలిచ్చువారు, చిన్న దుకాణము పెట్టినవారు కూడ ఈ వ్యాపార వృత్తుల కోవలోనివారే. అంచనా లాభముపై పన్ను కట్టు సులభ పద్ధతి నెన్నుకొన్న చిన్న వ్యాపారులకు నాలుగు కిస్తుల శ్రమ లేదు, మార్చి 15 లోపల ఒక్కసారి కట్టిన చాలును. సొంత పొలము కౌలుకిచ్చియో సేద్యము చేసియో పొందు ఆదాయము వ్యవసాయాదాయము. దానిచే ఈ వెసులుబాటు పోదు.

ఇక అరువదిలోపు వారికి ఒక ఉపాయము. ఇది ఎక్కువమందికి తెలియదు కనుక కొంచెము నిదానముగా చెప్పెదను. పింఛను చట్టరీత్యా జీతమువంటిదే. జీతగాడు తన ఇతర ఆదాయములను యజమానికి వ్రాసి తెలిపి, వానిపై పన్నును కూడ జీతములోనే కోయుమని కోరవచ్చును. పింఛనుదారును తన బ్యాంకునకో ట్రెజరీకో అట్లే వ్రాసి ఇయ్యవచ్చును. లాభమేమనగా, కిస్తుల లెక్కలో కోతపడిన పన్నును ముందుగా తీసివేసి, మిగిలినదానిపైననే వాయిదాల భాగములు కట్టుదురు. కోత ఏ నెలలో జరిగినదని అడుగరు. జూన్, సెప్టెంబరు, డిసెంబరు కిస్తులు మూడును తప్పినవాడు జనవరిలో మేల్కొని, జనవరి, ఫిబ్రవరి పింఛనులలో ఆ 40,908 కోయించుకొన్నచో వెనుకటి కిస్తుల వడ్డీయు తొలగిపోవును. అదే సొమ్మును తానే స్వయముగా జనవరిలో కట్టినచో తొలగదు. చిత్రముగా తోచును కాని లెక్క అట్లే వచ్చును. ఉత్తరము మాత్రము చేతికిచ్చి రసీదు పుచ్చుకొనుడు, నోటిమాట చాలదు.

దీనికి విరుద్ధమైన తప్పొకటి కలదు. చిరకాలము 15హెచ్ అను పేర ప్రసిద్ధమైన కాగితము, అనగా నాకు పన్ను పడదు గనుక కోయవద్దని పెద్దలు బ్యాంకునకిచ్చు ప్రకటన. పన్ను నిజముగా పడనివారికే అది తగును. కౌంటరులోని అబ్బాయి చేతికిచ్చినాడని చూడకుండ సంతకము చేసినవారు కొందరు నాకు తెలియును. అది సంతకము చేసిన ప్రకటన; తప్పైనచో కేవలము వడ్డీతో పోవునని చెప్పలేము.

ప్లాటో పొలమో అమ్మినవారి సంగతి వేరు. దానిపై వచ్చు లాభమును జూన్ నెలలోనే ఊహించి కిస్తు కట్టుమని చట్టమును అడుగదు. అమ్మిన తరువాత వచ్చు కిస్తులలో ఆ లాభముపై పన్ను చేర్చి కట్టిన చాలును. జనవరిలో అమ్మినచో మార్చి 15 లోపల. మార్చి 15 దాటి అమ్మినచో 31 లోపల. లాటరీ, డివిడెండులకును ఇదే మర్యాద. అయితే దీర్ఘకాల లాభముపై ప్రత్యేకపు రేటుగనుక, పన్నెండు లక్షల రిబేటు దానికి వర్తింపదు. చెల్లెలికో బిడ్డకో పెండ్లి చేయుటకు ప్లాటమ్మి, ఆ సంవత్సరము పింఛను కొంచెమేగదా యని ఊరకుండువారు ఈ చోటనే చిక్కుకొందురు.

మన బిడ్డలనేకులు అమెరికాలో నున్నారు. కొందరు అక్కడనే విరమించుచున్నారు. అక్కడను ఇట్టి కిస్తులే: ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, మరుసటి జనవరి నెలల 15వ తేదీలు. అయితే వారికొక మంచి వాడుక కలదు. నిరుటి పన్నెంతయో అంత ఈ సంవత్సరము కట్టినచో, ఆదాయము హెచ్చినను అపరాధము పడదు. పెద్ద ఆదాయముగలవారికి మాత్రము నిరుటిదానికి నూటపదివంతులు. 62 ఏండ్లు నిండి విరమించినవాడు, విరమించిన సంవత్సరమున గాని దాని మరుసటి సంవత్సరమున గాని, తగిన కారణముచే తక్కువ కట్టినచో మాఫీ కోరుకొనవచ్చును. కొలువు దిగిన మొదటి యేడు మనిషి తడబడునని అక్కడి చట్టమెరుగును. మన చట్టము అరువదియేండ్లను ఎరుగును గాని ఆ మొదటి యేటి తడబాటును ఎరుగదు. ఎరిగినచో బాగుండునని నా అభిప్రాయము.

కట్టుట ఇప్పుడు కంప్యూటరుపైననే జరుగుచున్నది. చదువుకొన్న మనుమడెవ్వడైనను పది నిమిషములలో చేయగలడు. వాని ప్రక్క కూర్చుండి రెండు విషయములు మీరే చూచుకొనుడు. ఏ సంవత్సరపు పన్ను అనునది ఒకటి. ముందస్తు పన్నా, లెక్క దాఖలు చేయునప్పటి స్వయంనిర్ణయ పన్నా యనునది రెండవది. ఇందు పొరపాటైనచో కట్టిన సొమ్ము కట్టనట్లే కనబడి, సరిదిద్దుటకు నెలలు పట్టును. మీ పేర ఏ బ్యాంకు ఎంత వడ్డీ చూపినదో, ఎంత కోసినదో తెలుపు వార్షిక సమాచార పట్టిక కూడ అచ్చటనే దొరకును. సెప్టెంబరులోను డిసెంబరులోను దానిని ఒకసారి విప్పి చూచినచో అంచనా చాలవరకు కుదురును. డెబ్బదియైదు దాటి, పింఛనును వడ్డీయును ఒకే బ్యాంకునుండి పొందుచు వేరు ఆదాయము లేనివారికి మాత్రము 2021 ఏప్రిల్ నుండి ఈ శ్రమ అక్కరలేదు. వారు ప్రకటన ఇచ్చినచో నిర్ణీత బ్యాంకే లెక్క కట్టి పన్ను కోయును. లెక్క దాఖలు చేయనక్కరలేదు.

గని పెద్దమనిషి ఆ బాకీని ఆ వారమే కట్టివేసినారు. పోవుచు పోవుచు గుమ్మమున ఆగి, కిస్తు దినము ఆదివారమైనచో ఏమి చేయవలెనని అడిగినారు. బ్యాంకు సెలవైనచో మరుసటి పనిదినమున కట్టినను వడ్డీ లేదని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1994లోనే తెలిపియున్నదని చెప్పితిని. జేబులోని చిన్న డైరీ తీసి, నాలుగు తేదీల క్రింద ఆ మాటను కూడ వ్రాసికొన్నారు.